దూడలకి పాలపొడి పట్టి పెంచడం – నా అనుభవం

మాది విశాఖ జిల్లాలో ఆనందపురం దగ్గర ఊరు. రెండు ముర్రా గేదెలు, మూడు జెర్సీ క్రాస్ ఆవులు. పాలు రెండు పూటలా ఊళ్లో పాల కేంద్రానికి పోస్తాం, కొన్ని వాడికగా ఇళ్లకి ఇస్తాం. దూడలకి పాల బదులు మిల్క్ రీప్లేసర్ పొడి కలిపి పడుతున్నామని తెలిసిన దగ్గర్నుంచి భీమిలి, పద్మనాభం వైపు ఉన్న చుట్టాలు ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు, అది పనిచేస్తుందా, దూడ పారుకోదా (విరేచనాలు పట్టుకోవా), డబ్బులు మిగులుతాయా అని. అందరికీ ఒకేసారి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తల్లిపాలు మంచివా, పొడి మంచిదా అంటే తల్లిపాలే మంచివి, అందులో వాదన లేదు. కానీ మన పాకల్లో దూడకి ఆ తల్లిపాలు ఎన్ని అందుతున్నాయన్నది ఎవరూ అడగరు. గేదె చేపడానికని, అంటే పొదుగులోకి పాలు దింపడానికని, దూడని వదులుతాం. అది నాలుగు గుటకలు తాగి, పొదుగు చేపుకి వచ్చిందో లేదో పలుపు పట్టి లాగి గుంజకి కట్టేస్తాం. పిండడం అయ్యాక మళ్లీ వదులుతాం, అప్పటికి చన్నుల్లో ఏం మిగిలి ఉంటాయి కనుక? ఎండాకాలం పాలు తగ్గితే కేంద్రానికి పోసేవి తగ్గించుకోం, దూడ వాటా తగ్గిస్తాం. పెయ్య అయితే ఇంకా నయం, రేపు పాలిస్తుందని ఒక చన్ను వదిలేవాళ్లున్నారు. దున్నదూడ అయితే అదీ లేదు.

ఒకరోజు మా ఆయన బస్తాలు తూచే కాటా ఇంటికి తెచ్చినప్పుడు, నాకెందుకో అనిపించి, గేదెదూడని పాలు తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి దాని మీద నిలబెట్టి చూశాం. రెండు పూటలూ కలిపి లీటరున్నర కూడా తాగలేదు. దూడ బరువేమో 32 కిలోలు. బరువులో పదో వంతు లెక్క వేసుకుంటే దానికి రోజుకి 3 లీటర్ల పైన పడాలి. అంటే మా కళ్ల ముందే అది సగం కడుపుతో బతుకుతోంది. డొక్కలు లోపలికి పోయి, వెంట్రుకలు బిరుసుగా లేచి, ఎప్పుడు చూసినా గోడ నాకుతూనో పక్క దూడ చెవి చీకుతూనో ఉండేది. గేదెదూడలంటే అలాగే ఉంటాయి అనుకునేవాళ్లం అందరం. అది ఆకలి.

మా పశువుల డాక్టరు గారిని అడిగితే మిల్క్ రీప్లేసర్ సంగతి ఆయనే చెప్పారు. వెన్న తీసిన పాలపొడి, పాలు విరిచినప్పుడు వచ్చే తేటని ఎండబెట్టి చేసిన వే పొడి, కొబ్బరి నూనె లేదా పామాయిల్ లాంటి కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు కలిపి చేస్తారట. మంచి రకంలో ప్రొటీన్ 20 నుంచి 22 శాతం, కొవ్వు 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. గేదె పాలలో నీళ్లు తీసేసి చూస్తే కొవ్వు ఇంతకి రెట్టింపు ఉంటుంది కాబట్టి పొడి మీద ఉన్న దూడకి దాణా తొందరగా అలవాటు చేయాలని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను, తర్వాత అదే అక్కరకొచ్చింది.

ఇంట్లో మా అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "పొడి నీళ్లు తాగి పెరిగింది రేపు ఏటి పాలిస్తాదమ్మా? తల్లి ఉండగా దానికి ఆ కర్మేటి?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఆవిడ కాలంలో చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టి పాలు పిండేవాళ్లు, గేదె ఆ తోలుని నాకుతూ చేపేది. ఆవిడ చేత్తో అలా ఎన్ని గేదెల్ని పిండారో. కాటా మీద దూడని నిలబెట్టి అంకె చూపించాక ఇంకేం అనలేదు, "అయితే కొలిచి పొయ్యి, కడుపు మాడ్చకు" అన్నారు అంతే.

ఇక్కడ ఒక సంగతి ఎవరూ మర్చిపోవద్దు. జున్నుపాలకి పొడి బదులు కాదు, ఏ పొడీ కాదు. దూడ కడుపులో ఉండగా తల్లి నుంచి దానికి రోగాల్ని తట్టుకునే శక్తి రాదు, అది మొత్తం జున్నుపాలలోనే వస్తుంది. ఆ శక్తిని దూడ పేగు పీల్చుకునేది కూడా పుట్టిన మొదటి కొన్ని గంటలే, ఒక రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి మొదటి రెండు గంటల్లో దూడ కడుపులో లీటరున్నర, రెండు లీటర్లయినా పడాలి, ఆ రోజు మొత్తం మీద బరువులో పదో వంతు పడాలి. మాయ పడేదాకా పాలు తీయకూడదని మా ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట వల్ల ఎన్ని దూడలు పోయాయో చెప్పలేను. ఆవు ఈనిందని తెలియగానే గిన్నెలు పట్టుకుని జున్నుకి వస్తారు చుట్టుపక్కల వాళ్లు, బెల్లం మిరియాలు వేసి వండుకుంటే దాని రుచి వేరు, నాకూ ఇష్టమే. కానీ మా ఇంట్లో ఇప్పుడు మొదటి రోజు చుక్క బయటికి పోదు. దూడ తాగాక రెండో రోజు, మూడో రోజు పాలు ఇస్తాం, వాటితోనూ జున్ను గడ్డ కడుతుంది. బొడ్డుకి టించర్ అయోడిన్ ముంచడం కూడా పుట్టిన వెంటనే అయిపోవాలి.

ముందు ఆవుదూడతో మొదలుపెట్టాం. జెర్సీ క్రాస్ ఆవులు దూడ లేకపోయినా దాణా పెట్టి పొదుగు కడిగితే చేపుతాయి, గేదెలతోనే పేచీ. నాలుగు రోజులు తల్లిపాలు పట్టి, అయిదో రోజు నుంచి కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాం. మొదట ముప్పావు వంతు పాలు పావు వంతు పొడి, తర్వాత సగం సగం, అలా. ఒక్కసారిగా మారిస్తే దూడ కడుపు తట్టుకోదు.

కలపడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పొడి దగ్గర వచ్చే తిప్పలన్నీ ఇక్కడే ఉన్నాయి. లీటరుకి 125 గ్రాములు. గ్లాసుతోనో చేటతోనో కాదు, తూచి. కేజీ లోపు తూచే చిన్న కాటా వంటింట్లోది ఒకటి పాకలోకి మార్చేశాను. పొడి చిక్కగా కలిపితే దూడకి బలం అనుకుంటారు, అలా చేస్తే పారుకుంటుంది. పలచగా కలిపితే కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్లు రాదు. రోజుకో రకంగా కలపడం అన్నిటికన్నా చెడ్డది. నీళ్లు కాచి కొంచెం ఆరనిచ్చి, 45 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పొడి వేయాలి. మరిగే నీళ్లలో వేస్తే ప్రొటీన్ పాడవుతుంది, చల్లటి నీళ్లలో వేస్తే కొవ్వు కరగక పైన తెట్టులా తేలుతుంది. నేను ముందు ముప్పావు లీటరు నీళ్లు పోసి, పొడి కొంచెం కొంచెం చల్లుతూ మజ్జిగ చిలికే కవ్వంతో తిప్పుతాను, ఉండలన్నీ విడిపోయాక లీటరు గుర్తు దాకా నీళ్లు పోస్తాను. దూడ నోటికి అందేసరికి 39 డిగ్రీలు అటూ ఇటూ ఉండాలి, అంటే దాని ఒంటి వేడి. మొదట్లో థర్మామీటర్ పెట్టి చూసేదాన్ని, ఇప్పుడు కూడా పెడతాను, చెయ్యి ముంచి చెప్పడం నమ్మను. జనవరి పొద్దుటిపూట చెయ్యి చల్లగా ఉంటే ఏదైనా వేడిగానే అనిపిస్తుంది.

నీళ్లు కూడా చూసుకోవాలి. మా వైపు కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, సముద్రం దగ్గర ఊళ్లలో మరీను. పొడిలో ఎలాగూ లవణాలు ఉంటాయి, దాని మీద ఉప్పునీళ్లు పడితే దూడకి మంచిది కాదన్నారు డాక్టరు గారు. అందుకని పంచాయతీ కుళాయి నీళ్లే వాడతాను. ఇంకోటి, విశాఖ గాలిలో ఉండే చెమ్మకి తెరిచిన పొడి సంచి ఇట్టే గడ్డకట్టిపోతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టాలి. వాసన మారిన పొడిని ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే పారేయాల్సిందే.

దూడకి తాగడం నేర్పడం మాత్రం నాకు చాలా నచ్చిన పని. ఆకలి మీద ఉన్నప్పుడు గోడ మూలకి వీపు ఆనించి నిలబెట్టి, రెండు కాళ్ల మధ్య మెడ ఇరికించుకుని, పాలలో ముంచిన వేలు నోట్లో పెడితే నాలుక చుట్టి చీకడం మొదలుపెడుతుంది. అంగిలి గరుగ్గా, వెచ్చగా తగులుతుంది వేలికి. అది చీకుతుండగానే వేలు తీసి రబ్బరు చన్ను పెట్టాలి. మొదటి పూట ఉమ్మేస్తుంది, తల విదిలిస్తుంది, పాలన్నీ మన చీర మీద పడతాయి. రెండో రోజుకి బాటిల్ కనిపిస్తేనే తోక ఊపుతూ వచ్చి, పొదుగుని కుమ్మినట్టు బాటిల్ని కుమ్ముతుంది. బాటిల్ మరీ పైకెత్తి గొంతులో పోసినట్టు పట్టకూడదు, తల్లి పొదుగు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పట్టాలి. దూడ చీకేటప్పుడు లోపల ఒక గాడి గొట్టంలా మూసుకుని పాలని మొదటి పొట్ట దాటించి నేరుగా నాలుగో పొట్టలోకి పంపిస్తుంది. చీకకుండా గబగబా మింగితే పాలు మొదటి పొట్టలో పడి పులుస్తాయి, కడుపు ఉబ్బుతుంది. అందుకే నేను బకెట్ కన్నా చన్ను బాటిల్‌నే ఇష్టపడతాను, కడగడం కష్టమైనా సరే. కడిగేటప్పుడు ముందు గోరువెచ్చటి నీళ్లతో తొలిచి, ఆ తర్వాతే వేడినీళ్లు, సబ్బు. ముందే మరిగే నీళ్లు పోస్తే పాల జిడ్డు గట్టిగా అంటుకుపోతుంది. తాగాక మిగిలింది దాచకుండా పారబోయాలి, మన ఎండకి అది తొందరగా పులుస్తుంది. తాగిన వెంటనే మూతి తుడిచి నాలుక మీద చిటికెడు ఉప్పు రాసి, కాసేపు విడివిడిగా కడితే ఒకదాని చెవి ఒకటి చీకడం ఆగిపోతుంది.

అంతా బాగా నడుస్తుండగా నగరంలో మేం పొడి తెచ్చే దుకాణంలో మా రకం అయిపోయింది. "ఇదీ అదే సరుకు, పైగా చౌక" అని ఇంకో సంచి ఇచ్చారు మా ఆయనకి. కలిపినప్పుడే తేడా తెలిసింది, పచ్చి పిండి వాసన, గ్లాసులో పోసి కాసేపు ఉంచితే అడుగున మట్టిరంగు మడ్డి. రెండు పూటలు పట్టామో లేదో చిన్న పెయ్య పారుకోవడం మొదలుపెట్టింది. సంచి మీది వివరాలు ఫోటో తీసి పంపితే డాక్టరు గారు పీచు శాతం చూడమన్నారు. పాలతో చేసిన పొడిలో పీచు దాదాపు ఉండదు, 0.15 శాతం లోపే. ఇందులో ఒక శాతం దాటి ఉంది. అంటే ప్రొటీన్ కోసం సోయా పిండి లాంటిది కలిపారన్నమాట. మూడు వారాలు నిండని దూడకి మొక్కల ప్రొటీన్ అరిగించుకునే శక్తి ఉండదు. మన పిల్లలకి ఇలాంటిది అమ్మితే ఊరుకుంటామా? దుకాణంవాళ్లు సంచి వెనక్కి తీసుకోం అన్నారు. నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మీరు కొనేటప్పుడు ముందు బొమ్మలు కాదు, వెనక ఉన్న పీచు అంకె చదవండి, దాని కింద ఏయే పదార్థాలు రాశారో చదవండి.

పారుకుంటున్న దూడకి పాలు ఆపేయాలని ఊళ్లో అందరూ చెప్పారు. ఆపలేదు. పారే దూడ చచ్చేది పారినందుకు కాదు, ఒంట్లో నీళ్లు, లవణాలు పోయి. పాత పొడినే వేరేచోట సంపాదించి మామూలు కొలతలో తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టాం, మధ్యలో రెండు గంటలు తేడా ఉండేలా ఎలక్ట్రొలైట్ (లవణాలు కలిపిన) నీళ్లు పట్టాం. మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా, కళ్లు లోపలికి పోతున్నాయా, నోరు చల్లబడుతోందా అని రాత్రంతా మా అత్తగారూ నేనూ మార్చి మార్చి చూశాం. కళ్లు గుంటలు పడి దూడ లేవలేకపోతే ఇంక ఇంటి వైద్యం పనికిరాదు, సెలైన్ ఎక్కించాలి. అలాంటప్పుడు 1962 కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. మా పెయ్యకి అంత దూరం రాలేదు, తేరుకుంది.

గేదెల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మార్చుకున్నాం. ముర్రా గేదె దూడ లేకుండా చేపదు, చేపినా పాలు దాచుకుంటుంది. చాలాచోట్ల దీనికే సూదులు వేస్తున్నారు, ఆక్సిటోసిన్. గేదెకి నరకం అది, పైగా చట్టం ఒప్పుకోదు కూడా. కాబట్టి మేం దూడని ఎప్పటిలాగే చేపడానికి వదులుతాం, గేదె దాన్ని నాకుతుంది, అది నాలుగు గుటకలు తాగుతుంది. తర్వాత తల్లి మూతి దగ్గరే కట్టి పాలు పిండుకుంటాం. పిండడం అయిపోగానే దూడకి దాని బరువుకి సరిపడా కలిపిన పాలు బాటిల్‌తో పడతాం. ఖాళీ చన్నులు చీకి కుమ్మి కుమ్మి అలిసిపోయే దూడ ఇప్పుడు కడుపు నిండి వెళ్లి పడుకుంటుంది. ముందు కాటా మీద ఎక్కించిన ఆ దూడకి ఇలా మొదలుపెట్టాక నెల తిరక్కుండానే వెంట్రుకలు నిగనిగలాడాయి, ఇది మా కళ్లతో చూసిందే.

గేదెదూడలకి ఏలికపాముల బెడద కూడా ఎక్కువ. తల్లి పాలలోంచే పురుగు పిల్లలు దూడకి వచ్చేస్తాయి, కాబట్టి పొడి పట్టినా మొదటి పాలతోనే అవి లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. పది, పదిహేను రోజుల వయసులో డాక్టరు గారు చెప్పిన మోతాదులో పైపరజిన్ అనే పురుగుల మందు పట్టించాం. తెల్లటి మట్టిలా, కంపు కొడుతూ పేడ వేస్తుంటే పొడిని తిట్టుకునేముందు ఇది చూడాలి.

ఇక డబ్బు. మేం కొన్న పొడి కిలో 240 రూపాయలు. లీటరుకి 125 గ్రాములంటే 30 రూపాయలు. మాకు గేదె పాలకి వెన్న శాతం బట్టి 55 రూపాయలకి అటూ ఇటూ వస్తోంది, ఆవు పాలకి 36 దాకా. మూడు లీటర్లు తాగే గేదెదూడ దగ్గర రోజుకి 75 రూపాయలు తేడా ఉంటుంది. ఆవుదూడ దగ్గర తేడా లీటరుకి 6 రూపాయలే, కాచే గ్యాసు, కడిగే టైము లెక్కేస్తే ఏమీ మిగలనట్టే. ఒక్క ఆవు ఉండి, పాలు ఇంటికీ దూడకీ సరిపోతుంటే పొడి జోలికి వెళ్లొద్దనే చెప్తాను. ఇంకా నిజం చెప్పాలంటే, దూడకి ఇదివరకు లీటరున్నరే దొరికేది కాబట్టి మాకు ఆదా అయిన పాలు కూడా లీటరున్నరే, మిగతాది కొత్తగా పెట్టిన ఖర్చు. ఆ ఖర్చు దూడ ఒంట్లోనే ఉంది. పొడిలో కూడా కోత పెట్టి, రోజుకి లీటరే పట్టి మిగిలిందని లెక్క చెప్పేవాళ్లని చూశాను. వాళ్ల దూడలు పూర్వం ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి, చేతిలో బాటిల్ ఒకటి వచ్చింది అంతే తేడా.

పొడితో పాటే రెండో వారం నుంచి చిన్న మూకుడులో దూడల దాణా పెట్టడం మొదలుపెట్టాం. నలగ్గొట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు, ఖనిజ మిశ్రమం, కొంచెం ఉప్పు. పెద్ద పశువులకి తెచ్చే దాణా పెట్టకూడదు, అందులో యూరియా ఉండొచ్చు, దూడకి అది విషం. మొదట పిడికెడు నోటికి రాస్తే నాకేది, తర్వాత దానంతటదే వచ్చి తినేది. దూడ మొదటి పొట్ట ఎదిగేది గింజల వల్లే, ఉత్త గడ్డి మేస్తే పొట్ట సాగుతుంది గానీ లోపలి గోడ బలపడదు. పాలు తాగుతోంది కదా అని నీళ్లు మానకూడదు, పక్కన ఎప్పుడూ మంచినీళ్ల తొట్టి ఉండాలి, నీళ్లు లేకపోతే దాణా తినదు.

పాలు ఎప్పుడు మాన్పించాలో వయసు చూసి కాదు, దాణా చూసి చేశాం. మూడు రోజులు వరసగా దాదాపు కిలో దాణా తింటే అప్పుడు ముందు సాయంత్రం బాటిల్ ఆపాం, వారం పోయాక ఉదయానిదీ ఆపాం. ఆవుదూడలు రెండు నెలలు దాటాక, గేదెదూడలు మూడో నెల నిండేసరికి ఆ స్థితికి వచ్చాయి. మాన్పించిన వారం పాక మార్చడం, కొమ్ములు కాల్చడం లాంటివి పెట్టుకోలేదు, అన్నీ ఒకేసారి మీద పడితే దూడ చిక్కిపోతుంది. నాలుగో నెలలో గాలికుంటు టీకా వేయించాం. పెయ్యలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రుసెల్లా (చూలు పోగొట్టే రోగం) టీకా వేస్తారు, అది జీవితంలో ఒక్కసారే, మగదూడలకి వేయరు. ఊళ్లోకి టీకాలవాళ్లు వచ్చినప్పుడు మీ పెయ్య వయసు ఎంతో చెప్పడానికి పుట్టిన తేదీ ఎక్కడైనా రాసి ఉంచుకోండి.